పాత సామాను కొట్లో పొడుగు షటిల్ సింగర్: కొనవచ్చునా?

ప్రశ్న (అమలాపురం నుంచి)

మా ఊళ్ళో పాత ఇనుప సామాను కొట్టులో, విరిగిన సైకిళ్ళకూ తుప్పుపట్టిన నీటి మోటార్లకూ నడుమ, ఒక సింగర్ కాలి మిషను కనిపించింది. నల్లటి ఒంటి మీద బంగారు రంగు పూలు చాలావరకు చెరగకుండా ఉన్నాయి; నంబరు ‘వై’ అక్షరంతో మొదలవుతోంది; సూది కింద ఉన్న స్టీలు పలకను జరిపి చూస్తే గుండ్రటి బాబిన్ కేసుకు బదులు అడుగు దారం పట్టే, నాడెలాంటి పొడుగాటి షటిల్ ఉంది. చక్రం మాత్రం వెంట్రుకవాసి కూడా కదలడం లేదు. విదేశీ సరుకు కనుక వేలల్లో ధర పలుకుతుందని కొట్టు యజమాని అంటున్నారు. అలంకారానికి కాదు, మా అమ్మాయి జాకెట్లు కుట్టడం నేర్చుకోవడానికి కావాలి. ఇలాంటిది కొనవచ్చునా? కొంటే ఆ పూలు పోకుండా శుభ్రం చేసే పద్ధతి ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (పాలకొల్లు, మిషన్ల మరమ్మతు)

చక్రం తిరగకపోవడాన్ని నేను పెద్ద లోపంగా లెక్కించనండి. మన వైపు మిషను బిగుసుకుంటే మొదట అనుమానించవలసింది కొబ్బరి నూనెను. ఇంట్లో చేతికందేది అదే కనుక ఆడవాళ్ళు అదే పోస్తారు. అది కొన్నాళ్ళకు జిడ్డు కట్టి, వాడకం ఆగిపోయాక గట్టిపడి, కదిలే ప్రతి కీలునూ అతికించేస్తుంది. ఇనుము అరిగిపోయిందనీ విరిగిందనీ అనుకోనవసరం లేదు. పట్టకారుతో చక్రాన్ని బలవంతంగా తిప్పవద్దు. మిషను తలను వెనక్కి వాల్చి, పైన ఉన్న నూనె రంధ్రాల్లోనూ, అడుగున ఇనుముకు ఇనుము రాసుకునే ప్రతి చోటా రెండేసి చుక్కలు కిరోసిన్ వేసి (అది దొరకడమే ఇప్పుడు గగనమైపోయింది లెండి), రాత్రంతా వదిలేయండి. మర్నాడు చక్రాన్ని ముందుకూ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపుతూ ఉంటే, గోధుమరంగు జిగురు కీళ్ళలోంచి బయటికి ఊరుతుంది. దాన్ని తుడిచి మళ్ళీ వేయాలి. పూర్తిగా వదులయ్యాక కిరోసిన్‌తోనే వదిలేయకుండా, కుట్టు మిషన్ల కోసం అమ్మే తెల్లటి నూనె తప్పనిసరిగా వేయాలి, ఎందుకంటే కిరోసిన్ జిగురును కరిగిస్తుందే గాని అరుగుదలను ఆపదు.

పూల మీద కిరోసిన్, థిన్నరు, స్పిరిట్ ఏవీ పడనివ్వకండి. ఆ పూల పైన ఉన్నది లక్క పూత. స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. పాత నూలు గుడ్డకు అదే మిషను నూనె అద్ది మెల్లగా తుడిస్తే చాలు. కొత్తగా రంగు వేయించడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

డబ్బు చేతిలో పెట్టే ముందు చూడవలసింది షటిల్‌నే. దాని ముక్కు మీద గోరు నడిపి చూడండి, గరుకు తగిలితే దారం తెగుతూనే ఉంటుంది. లోపల పొడుగు బాబిన్ ఉన్నదో లేదో కూడా చూడండి. ఉషా బాబిన్లు దీనికి పట్టవు. ఈ షటిళ్ళూ బాబిన్లూ కొత్తగా తయారైనవి ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి గాని, అసలువి ఉంటేనే మేలు. సూదికి దిగులు లేదు. ఈ తరహా 27, 28, 127, 128 మోడళ్ళన్నిటికీ ఇళ్ళలో వాడే చదును తల సూదే సరిపోతుంది. సూది చదును వైపు, షటిల్ ముక్కు సూదిని రాసుకుంటూ దాటే పక్కకు ఉండాలి. పొడుగాటి గాడి ఉన్న వైపు నుంచి దారం ఎక్కించాలి.

సమాధానం (రాజమహేంద్రవరం)

‘వై’ నంబర్లు స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారానివి. 1920, 30 దశాబ్దాల్లో వేసినవి. ఆ కర్మాగారం 1980లో మూతపడింది. అయితే ఈ మిషన్లు లక్షల్లో తయారయ్యాయి కనుక పాతదన్న ఒక్క కారణానికి ధర పెరగదు. 2009లో సౌదీ అరేబియాలో, పాత సింగర్ మిషన్ల సూదుల్లో ‘ఎర్ర పాదరసం’ అనే విలువైన పదార్థం ఉందన్న వదంతి పుట్టి జనం విపరీతమైన ధరలకు ఎగబడ్డారు; అది పూర్తిగా బూటకం. మీ కొట్టాయన చెవినా అలాంటి మాట పడి ఉంటే ఆశ్చర్యం లేదు. షటిల్ లేకపోతే ఇనుము తూకం ధరకు మించి ఇవ్వకండి.

సమాధానం (ఒక లంక గ్రామం నుంచి)

పాలకొల్లు వారు చెప్పినది నూనెతో బిగుసుకున్న మిషనుకు సరిగ్గా సరిపోతుంది. కాని 2022 జులై వరదలో మునిగిన మిషన్లు కూడా మన కొట్లకు చేరి ఉండవచ్చు, వాటి సంగతి వేరు. తలను ఎత్తి అడుగు చూడండి: మూలల్లో సన్నటి వండ్రు గడ్డకట్టి ఉంటే, ముందు దాన్ని బ్రష్షుతో పొడిగా దులపాలి. మట్టి ఉండగా నూనె పోసి తిప్పితే, అది ఇసుక కాగితంలా కీళ్ళను అరగదీస్తుంది. చెక్క బల్ల పొరలు ఊడి ఉన్నా బాధపడనక్కరలేదు, మన వడ్రంగులు టేకుతో కొత్తది చేసి ఇస్తారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అడుగున వండ్రు లేదు, షటిల్ నున్నగానే ఉంది, బేరం కుదిరింది. కిరోసిన్‌తో చక్రం వదులైంది. ఒక్కటే చిక్కు: బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు చక్రం మధ్యలోని నాబ్ వదులు చేస్తే సూది ఆగాలి కదా, కాని వదులు చేసినా ఆడుతూనే ఉంది.

సమాధానం (పాలకొల్లు)

ఎవరో విప్పి లోపలి వాషరును సగం చుట్టు తేడాగా పెట్టి ఉంటారు. నాబ్ మీద ఉన్న చిన్న స్క్రూ తీసి, నాబ్ విప్పండి. లోపల మూడు కొమ్ముల వాషరు కనిపిస్తుంది. దాన్ని సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించి చూడండి. అప్పటికీ సూది ఆడితే చక్రం లోపలి బుష్షులో పాత జిడ్డు మిగిలి ఉన్నట్టు; చక్రాన్ని పూర్తిగా బయటికి లాగి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఒక్క చుక్క నూనె వేసి ఎక్కించండి.