ప్లాస్మాలో మిర్-21: సీటీ విలువలు ఎందుకు ఊగుతున్నాయి?

ప్రశ్న: రొమ్ము క్యాన్సర్ ప్లాస్మాలో మిర్-21ని (జన్యువుల పనిని నియంత్రించే ఓ చిన్న ఆర్‌ఎన్‌ఏ, అంటే మైక్రోఆర్‌ఎన్‌ఏ) క్యూపీసీఆర్‌తో కొలుస్తున్నాం (కాపీలు చేస్తూ లెక్కించే పద్ధతి; సిగ్నల్ కనిపించడానికి పట్టిన సైకిళ్ల సంఖ్యే సీటీ, అది తక్కువైతే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ). పోల్చడానికి రెఫరెన్స్ మిర్-16 అనే మరో మైక్రోఆర్‌ఎన్‌ఏ. ఒకే మనిషి రక్తం రెండు ట్యూబుల్లో తీసినా ఫలితాలు కలవడం లేదు. ఎక్కడ చూడాలి?

జవాబు 1: ముందు హిమోలిసిస్, అంటే ఎర్రకణాలు పగలడం, చూడండి. ఎర్రకణాల్లో మిర్-16, మిర్-451ఏ విపరీతంగా ఉంటాయి. కాసిని కణాలు పగిలినా మీ రెఫరెన్సే పెరిగి, మిర్-21 తగ్గినట్టు కనిపిస్తుంది. కంటికి ఎరుపు తెలియకపోయినా 414 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ (కాంతిని పీల్చుకునే కొలత) 0.2 దాటితే ఆ శాంపిల్ పక్కన పెట్టండి. హిమోలిసిస్‌తో పెద్దగా మారని మిర్-23ఏ సీటీలోంచి మిర్-451ఏ సీటీ తీసేస్తే 7 పైన వచ్చినా అంతే.

జవాబు 2: రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన ట్యూబులా? అది పీసీఆర్ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది, ఈడీటీఏ (గడ్డకట్టనివ్వని మరో రసాయనం) ఉన్నవి వాడండి. సెల్-మిర్-39 స్పైక్ (ఆర్‌ఎన్‌ఏ తీయడంలో ఎంత పోయిందో తెలియడానికి బయటినుంచి కలిపే పురుగు మైక్రోఆర్‌ఎన్‌ఏ) లైసిస్ బఫర్ (ఎంజైములను పనిచేయనివ్వని ద్రావణం) కలిపాకే వేయాలి. నేరుగా ప్లాస్మాలో వేస్తే ఆర్‌ఎన్‌ఏజ్‌లు (ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైములు) మిగల్చవు.

ప్రశ్న అడిగినవారు: ఈడీటీఏనే. సెంట్రిఫ్యూజ్ మాత్రం ఒక్కసారే.

జవాబు 1: అయితే ప్లేట్‌లెట్లు మిగిలే ఉంటాయి, వాటిలోనూ మిర్-21 ఉంది. ఫ్రీజ్ చేయకముందే రెండోసారి తిప్పండి. కరిగించాక తిప్పితే లాభం లేదు, అప్పటికే పగిలిపోతాయి.