నెల్లూరు తీరంలో రొయ్యల ప్లాంటు పెట్టదలచిన విదేశీ సంస్థకు ముందుగా ఏం చెప్పాలి?

ప్రశ్న (చార్టర్డ్ అకౌంటెంటు, నెల్లూరు):

నమస్కారం. యూరప్‌కు చెందిన ఒక సంస్థ ముత్తుకూరు, తోటపల్లిగూడూరు మండలాల ప్రాంతంలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు నెలకొల్పాలని భావిస్తూ మమ్మల్ని సలహా అడిగింది. ఆహార ప్రాసెసింగ్‌లో నూరు శాతం విదేశీ పెట్టుబడికి ముందస్తు అనుమతి అక్కరలేదన్న సంగతీ, డబ్బు అందిన 60 రోజుల్లో వాటాలు కేటాయించి ఆపై 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు నివేదించాలన్న సంగతీ వారికి వివరించాము. అయితే ఈ కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా పని ఎక్కడ ఆగిపోతుందని వారు అడుగుతున్నారు. అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు (రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాడిని, కావలి):

ఆగేది భూమి దగ్గరేనండీ. ఢిల్లీ స్థాయిలో జరగవలసినది సులువు, మండల కార్యాలయంలోని రికార్డుతోనే కష్టం. అమ్మేవారు అడంగలు, 1-బి (సాగు, హక్కు రికార్డులు), ఇ.సి. (భూమిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) చూపించి అంతా సవ్యంగా ఉందంటారు, కానీ అవి చాలవు. ప్రతి సర్వే నంబరుకూ ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే పాత భూ రికార్డు) నకలు తీయించి, పట్టాదారు గడిలో పేరుందో చుక్కలున్నాయో మీరే కళ్లారా చూడండి. మన జిల్లాలో చుక్కల భూముల (యజమాని పేరు బదులు చుక్కలు పెట్టిన భూముల) బాధ ఎంత పాతదో అందరికీ తెలుసు, వాటి కోసం 2017లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది. ఆ నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింది నిషేధిత జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రారు దస్తావేజు రిజిస్టరు చేయరు. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) అయితే, ఎంత చౌకగా వచ్చినా, కలెక్టరు కార్యాలయం నుంచి లిఖితపూర్వకమైన స్పష్టత లేకుండా బయానా కూడా ఇవ్వనీయకండి. ఉప్పుటేర్ల పక్కన, సముద్రపు పోటు రేఖకు 500 మీటర్ల లోపల తీరప్రాంత నిర్మాణాలను నియంత్రించే సి.ఆర్.జెడ్. నిబంధనలు కూడా చూడాలి. ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) ప్లాటు తీసుకుంటే హక్కు గురించిన బెంగ చాలావరకు తీరుతుంది, కాని గడువులోగా ఉత్పత్తి మొదలుపెట్టాలన్న షరతును మొదటి సమావేశంలోనే వారికి చదివి వినిపించండి.

జవాబు (రొయ్యల ఎగుమతి రంగం, ఒంగోలు):

పెద్దాయన చెప్పినది అక్షరాలా నిజం. ప్లాంటు లేచిన తరువాత ఎదురయ్యే చిక్కు సరుకు గురించినది. బయటివారు రైతు దగ్గర నేరుగా కొంటామన్న లెక్కలతో వస్తారు. ఇక్కడ చాలామంది రైతులు సీడు (రొయ్యపిల్లలు), మేత డీలరు దగ్గర అప్పుగా తెచ్చుకుంటారు కనుక, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) నాటికి సరుకు ఎవరికి పోవాలో ఆ అప్పే నిర్ణయిస్తుంది, కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినంత మాత్రాన ఆ బంధం తెగదు. అందువల్ల పంట మొదట్లోనే రైతుకు పెట్టుబడి, సాంకేతిక సలహా అందించే ఏర్పాటుతో రావాలని మీవారికి గట్టిగా చెప్పండి. అలా వస్తేనే చెరువులో ఏ మందు వాడారో తెలుస్తుంది. మన చెరువు రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు కనిపిస్తున్నాయన్న కారణంతో యూరోపియన్ యూనియన్ 2016లో తనిఖీ చేసే కన్‌సైన్‌మెంట్ల వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అక్కడ సరుకు తిరస్కరణకు గురైతే నష్టం ప్లాంటుదే, చెరువుగట్టున మందు చల్లిన చేతిని అప్పుడు వెతికి లాభం ఉండదు.

జవాబు (న్యాయవాది, నెల్లూరు):

రెండు మాటలు మాత్రమే. కంపెనీ డైరెక్టర్లలో ఒకరైనా ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు భారతదేశంలో ఉండేవారై ఉండాలి, కనుక ఆ వ్యక్తిని తొందరపడకుండా ఎంపిక చేయమనండి. ఇక, వ్యవసాయ భూమిని ప్రస్తుతానికి స్థానిక భాగస్వామి పేరిట కొని ఉంచుదామని ఎవరో ఒకరు తప్పక సూచిస్తారు. 2016 సవరణ తరువాత బినామీ చట్టం కింద అలాంటి ఆస్తిని జప్తు చేయవచ్చు, ఏడేళ్ల వరకు జైలు శిక్ష కూడా పడవచ్చు. ఆ సూచన ఎంత ఆప్తుల నోట వచ్చినా ఒప్పుకోవద్దని వారికి లిఖితపూర్వకంగా తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకోండి.