ఈ వారం సమస్య: పురుగు పట్టు తోట పుణ్యమిచ్చు

నిర్వాహకుడు (కడప):
ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇది, పై మూడు పాదాలు మీరు పూరించాలి. పురుగు పడితే తోట పాడైనట్టే కదా, పుణ్యమెక్కడిది అని మీరు తన్నుకోవాలనే ఇచ్చాను. మా పెరట్లో కడప బండలు నిలబెట్టి ఆరడుగుల మడి కట్టాను. అడుగున గచ్చు వేయలేదు, నేలలోంచి వానపాములు పైకి రావాలి. తంగేడు, తులసి, కరివేపాకు పెట్టాను. మందు కొట్టను, రాలిన ఆకు ఊడ్చను. ఆ మడి దగ్గర కూర్చున్నప్పుడు తట్టిన పాదం.

పెన్నగాలి (ప్రొద్దుటూరు):
మడిని నాటుకొన్న మా కరివేపాకు
తొడిమ మిగిలె, నంత దోచె పురుగు;
రెక్క విప్పి నేడు రివ్వున నెగిరెను,
పురుగు పట్టు తోట పుణ్యమిచ్చు.

నిర్వాహకుడు:
అక్కా, "తొడిమ మిగిలె" అనేది కళ్లారా చూసినవాళ్ల మాట. సీతాకోకచిలుకగా మారే ఈ పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పెరిగాక పచ్చబడుతుంది. తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతుంది. మా మనవరాలు భయపడి వేలు వెనక్కి లాక్కుని, మళ్లీ తాకింది! పూరణలో నాకు ఏ లోటూ కనిపించలేదు.

ఎర్రమట్టి (జమ్మలమడుగు):
సార్, మీ మడి గురించి చదివి నేనూ కట్టాను.
కడప బండ నాల్గు గట్లుగా నిలబెట్టి
చెరువు మట్టి నింపి జిల్లెడుంచ
చారలున్న పురుగు హాయిగా మేసెను,
పురుగు పట్టు తోట పుణ్యమిచ్చు.

నిర్వాహకుడు:
మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి, తప్పింది. "చా"కు "హా" చెల్లదు. "చక్కగా మేసెను" అంటే సరి. మొదటి పాదం మాత్రం మన ఊరి పాదం, చాలా బాగుంది. జిల్లేడు పాలలోని విషాన్ని ఆ పురుగు ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి రావు. మీరు మాత్రం ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోండి. ఇంకోటి, ఎండాకాలం బండ కాగి అంచున వేర్లు మాడతాయి. ఎత్తు మడి నేలకన్నా త్వరగా ఆరిపోతుంది కూడా. ఎండుటాకు మందంగా పరచండి.

పాత పంతులు (బద్వేలు):
కలివికోడి బతుకు కంపపొదలలోనె,
చెదలు కొన్ని దొరుక జీవనమ్ము;
మందు కొట్టవలదు మన పెరటందున,
పురుగు పట్టు తోట పుణ్యమిచ్చు.

నిర్వాహకుడు:
మాస్టారూ, ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మన జిల్లాలోనే మళ్లీ కనబడింది. లంకమల అడవి పేరు చెబితే అదే గుర్తొస్తుంది. ఛందస్సు నిర్దుష్టం. కానీ అడవి పిట్ట నుంచి పెరటికి ఒక్కసారిగా దూకారు, మధ్యలో అతుకు కుదరలేదు. కలివికోడి మన పెరటికి రాదు కదా.

పాత పంతులు:
ఒప్పుకుంటాను. మూడో పాదం మళ్లీ రాస్తాను.

పెన్నగాలి:
అన్నా, ఇంకో పురుగు ఈ పొద్దు బండ అంచుకు నడుం చుట్టూ దారం కట్టుకుని కదలకుండా వేలాడుతోంది. అటువైపు నీళ్లు పోయొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.