సెకండ్ షిఫ్టు షాఫ్టులే ఎందుకు తిరిగొస్తున్నాయి?

ప్రశ్న (ఆటోనగర్, గాజువాక):
నమస్కారం. మాది నాలుగు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేతులున్న చిన్న షాపు. పంపు షాఫ్టులు చేస్తాం. బేరింగ్ కూర్చునే చోట 40 మి.మీ., కే6 ఫిట్ (షాఫ్టు వ్యాసానికి ఒక ప్రామాణిక హద్దు). అంటే 40.002 నుంచి 40.018 లోపు రావాలి. రెండు నెలలుగా సెకండ్ షిఫ్టు సరుకు అండర్‌సైజ్ అని కస్టమర్ దగ్గర నుంచి తిరిగొస్తోంది. మా ఆపరేటర్ రిజిస్టర్‌లో మాత్రం అన్నీ ఓకే. దొంగ రాతలేమోనని అనుమానం. మాన్పించేయమంటారా? పైగా ఆడిట్‌కి ఎఫ్‌ఎంఈఏ షీటు (ఎక్కడ ఏం తప్పు జరగొచ్చో ముందే రాసుకునే పట్టిక) కావాలంటున్నారు. ఒకటే టెన్షన్.

జవాబు (రిటైర్డ్ క్వాలిటీ ఇంజినీరు, కూర్మన్నపాలెం):
బాబూ, ముందు ఆ కుర్రాణ్ణి ఏమీ అనకండి. ఒక్క రాత్రి మీరే మెషిన్ దగ్గర నిలబడండి. షాఫ్టు తీసిన వెంటనే కొలిచి, దాని మీదే మార్కర్‌తో రాసి పక్కన పెట్టండి. గంటాగి అదే మైక్రోమీటరుతో మళ్లీ కొలవండి. డిగ్రీ వేడికి మీటరు ఉక్కు సుమారు 11.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సాగుతుంది. షాఫ్టు 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 40 మి.మీ. వ్యాసం మీద 9 మైక్రాన్లు. మీకున్న జాగా మొత్తం 16! చేతికి వెచ్చగా తగిలిందంటే ఆ కొలతను నమ్మకండి. ఇంతకీ రెండు నెలల కింద ఏం మార్చారు?

అడిగినవారు:
గురువుగారూ, నిన్న రాత్రి చూశాను. తీయగానే 40.008. గంట తర్వాత 39.999. నోట మాట రాలేదు. మార్పంటారా, నైట్‌లో ఇన్‌స్పెక్టర్ ఉండడు, ఆపరేటరే పది షాఫ్టులు ట్రేలో పోగేసి ఆ చివరి టేబుల్ దాకా మోసుకెళ్లేవాడు. నడక తగ్గుతుందని నేనే మైక్రోమీటరు మెషిన్ పక్కకు తెప్పించాను.

జవాబు (సేఫ్టీ ఆఫీసర్, పరవాడ):
అన్నా, ఆ నడకలోనే షాఫ్టులు చల్లారేవి. మార్పు మంచిదే, కానీ దానివల్ల ఇంకేం మారుతుందో ముందే ఒక కాగితం మీద రాసుకుని, షిఫ్టు వాళ్లను కూర్చోబెట్టి అడగాలి. 2020 మే 7న మన ఆర్.ఆర్. వెంకటాపురం ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరిన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది పోయారు. 2019 డిసెంబరులో పైపులు మార్చాక ట్యాంకులో ద్రవం సరిగా కలవలేదని, ఉష్ణోగ్రత అడుగున మాత్రమే కొలిచేవారని హైపవర్ కమిటీ తేల్చింది. అప్పటి నుంచి మా దగ్గర చిన్న వాల్వు మార్చినా ఆ కాగితం లేనిదే స్పానర్ పట్టనివ్వను.

ఎఫ్‌ఎంఈఏ ఆడిట్ కోసం కాపీ కొట్టకండి. తీవ్రత, ఎంత తరచుగా జరుగుతుంది, ముందే పట్టుకోవడం ఎంత కష్టం అని మూడింటికీ 1 నుంచి 10 మార్కులు వేసి గుణిస్తారు. ఆ లబ్ధం ఒక్కటే చూస్తే మోసపోతారు. చక్ గార్డు (తిరిగే చక్ మీది రక్షణ కవచం) లేక చెయ్యి పోయే ప్రమాదం 9×2×3 గుణిస్తే 54, గీతలు పడ్డ షాఫ్టు 4×5×6 గుణిస్తే 120. అయినా ముందు గార్డే బిగించాలి. తీవ్రత 9, 10 ఉన్నవి ముందు చూడండి.

అడిగినవారు:
చల్లార్చే ట్రే పెట్టించాను, గంట దాటాకే కొలత. ఆఫ్‌సెట్ (మెషిన్‌లో టూల్ సర్దుబాటు) కూడా చల్లారిన షాఫ్టు చూసే మారుస్తున్నాం. ఈ సాయంత్రం ఆ కుర్రాడి దగ్గరకెళ్లి నీ రాతలు నిజమేరా, పొరపాటు నాదని చెప్పాను. ‘మొదటి వారంలోనే సూపర్‌వైజర్‌కి చెప్పా సార్, షాఫ్టు చెయ్యి కాలుతోందని’ అన్నాడు.