పెంకు అంత గట్టిగా ఉంటే గుడ్డులో పిల్లకి గాలెలా అందుతుంది?

చిన్నడౌటు:
నవ్వకండి. కప్ప గుడ్లు నీళ్లలోంచి బయటపడితే త్వరగా ఎండిపోతాయి, కోడిగుడ్డు మాత్రం 21 రోజులు పొడి చోటే ఉండి పిల్లవుతుంది. తేడా అంతా పెంకుదేనా? మరి లోపల పిల్లకి గాలెలా? అది విసర్జించేది ఎక్కడికి పోతుంది?

పాతరాయి:
పెంకుకి మరీ ఎక్కువ పేరొచ్చేసింది గానీ, అసలు పనంతా లోపలి పొరలదే. చాలా పాముల గుడ్లకి గట్టి పెంకే ఉండదు, తోలులా మెత్తగా ఉంటాయి, అయినా నేల మీదే పిల్లలవుతాయి. పిండాన్ని నీటిలో తేలుస్తూ ఉంచే పొర ఉల్బం. తిండి సొనసంచిలో. మీరడిగిన విసర్జన అళిందం అనే సంచిలోకి పోతుంది, అదీ యూరిక్ ఆమ్లంగా. నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి పిల్లకి హాని చేయకుండా అక్కడే పేరుకుంటుంది (పిట్ట రెట్టలో తెల్లగా కనబడేది అదే). ఈ అళిందమే పెరిగి, బయటి పొర పరాయువుతో అతుక్కుని, పెంకు లోపలి వైపంతా రక్తనాళాలు పరుస్తుంది. పెంకుకి కంటికి కనబడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి, వాటిగుండా వచ్చే ఆక్సిజన్ ఈ నాళాల్లోకే వెళ్తుంది.

టార్చ్‌లైట్:
పొదిగిస్తున్న గుడ్డుని ఐదో రోజు చీకట్లో టార్చ్ మీద పెట్టి చూశాను. సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు, మధ్యలో నల్లటి చుక్క, వెడల్పు కొన దగ్గర ఖాళీ. ఆ ఖాళీలో ఉండేది గాలి. పిల్ల బయటికి రావడానికి ఒకట్రెండు రోజుల ముందు ముక్కుతో ఆ ఖాళీకి అడ్డుగా ఉన్న పొరని పొడిచి, ఊపిరితిత్తులతో మొదటిసారి పీల్చేది ఆ గాలినే. పెంకు పగలగొట్టడం ఆ తర్వాతే.

చిన్నడౌటు:
ఓహ్, రెండు దశలా! ఇదంతా ఎప్పుడు మొదలైంది?

పాతరాయి:
కెనడాలోని నోవా స్కోషియాలో, బోలుగా మారిన చెట్టు మొద్దుల్లో హైలోనోమస్ అనే బల్లిలాంటి జీవి ఎముకలు దొరికాయి, వయసు 31 కోట్ల ఏళ్ల పైనే. ఇలాంటి పొరల గుడ్డున్న వంశంలో, చాలాకాలం పుస్తకాల్లో అదే మొదటిది. 2025లో ఆస్ట్రేలియాలో బయటపడ్డ గోళ్లున్న అడుగుజాడల్ని బట్టి ఇంకో 3, 4 కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్లాలంటున్నారు. ఒక్క మాట, ఇవి ఎముకలూ అడుగులే, ఆ కాలం గుడ్డు ఎవరికీ దొరకలేదు. మెత్తటి పొరలు రాయిగా మారడం చాలా అరుదు మరి.

చిన్నడౌటు:
అయితే గుడ్డు పెట్టని మనకి ఇవేవీ లేనట్టేగా?

టార్చ్‌లైట్:
ఉన్నాయండీ బాబూ! ఉమ్మనీరు ఎందులో ఉంటుందనుకున్నారు? అదే ఉల్బం. మావిలో బిడ్డ వైపు భాగం పరాయువుదే. సొనసంచి కూడా వస్తుంది, అందులో సొన ఉండదు గానీ బిడ్డ తొలి రక్తకణాలు తయారయ్యేది అక్కడే.