కాఫీ గ్రైండర్‌లో పొడి ఉండలు కడతా ఉంది, శుభ్రం చెయ్యడం ఎట్టా?

మైపాడు_గాలి (నెల్లూరు)

కరెంటు గ్రైండరండీ, లోపల కోను ఆకారం బర్ (గింజలు నలిపే పళ్ల ఉక్కు జత, పైనొకటి కిందొకటి), 40 మిల్లీమీటర్లది. రోజుకు 30 గ్రాములు, ఫిల్టర్ కాఫీకి మాత్రమే. రెండేళ్లుగా విప్పింది లేదు. ఇప్పుడు పొడి పడే మూతి దగ్గర ఉండలు కట్టి ఆగిపోతా ఉంది. వచ్చిన దాంట్లో నూక, పిండి రెండూ కలిసి ఉన్నాయి. మూత తీస్తే పాత నూనె కంపు. గింజలు ముదురు వేపుడువి. 80 గ్రాముల గింజలకు 20 గ్రాముల చికోరీ ముక్కలు వేసి రెండూ కలిపే ఆడిస్తాము.

తెలియాల్సింది మూడు. బర్ తీసి సబ్బునీళ్లతో కడగొచ్చా? పిడికెడు బియ్యం వేసి తిప్పితే చాలంటారు, అది పని చేస్తుందా? బర్‌లు అరిగిపోయి ఉంటే మార్చాలా?

ఒంగోలు_డికాక్షన్

మూడో ప్రశ్న ముందు తేల్చేద్దాం. రోజుకు 30 గ్రాములంటే ఏడాదికి 11 కిలోలు, రెండేళ్లకు 22. ఇంతమాత్రానికి గట్టి ఉక్కు బర్ మొద్దుబారదు. గింజల్లో రాయి పడి పన్ను విరిగితే తప్ప మార్చే పని లేదు. మీది అరుగుదల కాదు, మకిలి.

కడగమాకండి. చాలా గ్రైండర్లలో బర్‌లు స్టెయిన్‌లెస్ కావు. నీళ్లు తగిలి పూర్తిగా ఆరకపోతే పళ్ల సందుల్లో ఒక్క రాత్రికే ఎర్రగా తుప్పు లేస్తుంది, ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఇంకా తొందరగా.

విప్పే పద్ధతి చెబుతాను. గింజలు తీసేసి, లోపల మిగిలినవి కూడా అయిపోయేదాకా ఖాళీగా కాసేపు తిప్పండి. ఆ తర్వాత ప్లగ్గు పీకెయ్యండి. స్విచ్ కట్టేస్తే సరిపోదు, ప్లగ్గే పీకాలి. డయల్ ఏ అంకె మీద ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. హాపర్ (పైన గింజలు పోసే గిన్నె) ఊడదీసి, డయల్‌ను ముతక వైపు చివరిదాకా తిప్పితే పై బర్ వదులవుతుంది. దానికి చిన్న పిడి ఉంటే పట్టుకుని నిటారుగా పైకి లాగాలి. పక్కకు వంచి లాగితే మర పట్టేస్తుంది.

ఒక అంగుళం పెయింటు బ్రష్ కొత్తది తీసుకుని, వెంట్రుకలు సగానికి కత్తిరిస్తే గట్టిగా ఉంటుంది. పళ్లు ఎటు వాలి ఉన్నాయో అటే తోముతూ రాండి. ఇనుప బ్రష్ వద్దు. మూతి గొట్టంలోకి కొబ్బరి ఈనె పోనిస్తే అతుక్కున్న పొడి పెచ్చులుగా ఊడుతుంది, గొట్టానికి గీత పడదు. లోపలికి గాలి ఊదొద్దు, ఆ దుమ్మంతా బేరింగ్‌లోకి పోతుంది. వాక్యూమ్ క్లీనర్ ఉంటే పీల్చేయండి, లేకపోతే గ్రైండర్‌ను తలకిందులు చేసి అడుగున తట్టండి. హాపర్, పొడి డబ్బా మాత్రం గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడగొచ్చు. ముసురు రోజుల్లో అవి తిరిగి బిగించే ముందు పూర్తిగా ఒక రోజు ఆరాలి.

పెన్నగట్టు (నెల్లూరు)

పై అన్న చెప్పింది అంతా సరే, కానీ అసలు దొంగ చికోరీ. దాన్ని వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ ఇదే కథ.

చికోరీ వేరులో ఎక్కువగా ఉండేది చక్కెర జాతి పదార్థమే. వేపినప్పుడు అది పాకం ముదిరినట్టు అవుతుంది. తేమ తగిలిందంటే బంక. మన దగ్గర ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో, గాల్లో తేమ ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. ముదురు వేపుడు గింజకు పైన నూనె తేలి ఉంటుంది. నూనె, పాకం, సన్నపొడి మూడూ కలిసి మూతి దగ్గర లప్పంలాగా పట్టేస్తాయి. మీకొచ్చే కంపు ఆ నూనె గాలికి చెడింది.

ఇకమీదట చికోరీ ముక్కలు గ్రైండర్‌లో వెయ్యబాకండి. చికోరీ పొడి విడిగా కొని, కాఫీ గింజలు ఆడించాక చెంచాతో కలుపుకోండి. 80కి 20 పాళ్లే ఉండనీండి, రుచిలో తేడా రాదు.

ఇప్పటికే గట్టిపడిన దానికి ఒక కిటుకు ఉంది. చికోరీ బంక నీటికి కరుగుతుంది, కాఫీ నూనె స్పిరిట్‌కు కరుగుతుంది. బయటికి తీసిన పై బర్‌ను గోరువెచ్చటి నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, హెయిర్ డ్రయ్యర్‌తో మూడు నిమిషాలు ఆరబెట్టండి. నూనె మరకలకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది తుడవండి. అది హాపర్ ప్లాస్టిక్‌కు తగలనివ్వబాకండి, బీటలు వస్తాయి. ఆల్కహాల్ ఆరి వాసన పోయేదాకా ప్లగ్గు జోలికి పోవద్దు.

కొత్తపట్నం_ఉప్పు

బియ్యం సంగతి ఎవరూ చెప్పలేదు. పచ్చి బియ్యం వెయ్యొద్దు. గింజ కాఫీ కన్నా గట్టి, మోటారు మీద బరువు పడుతుంది. మెత్తటి పిండి బేరింగ్ దగ్గర చేరి, తేమకు గంజిలాగా బిగుస్తుంది. బొరుగులు మెత్తగా ఉంటాయి కదా, వేస్తే ఏం అని కొందరు అంటారు. బొరుగులు వేయించే ముందు బియ్యానికి ఉప్పునీళ్లు పట్టిస్తారు. ఉక్కు పళ్ల మీద ఉప్పు పొడి చల్లినట్టే లెక్క. గ్రైండర్ శుభ్రానికని అమ్మే బిళ్లలు దొరికితే అవి వాడండి. దొరక్కపోతే పాతబడిన గింజలు, లేత వేపుడువి, 20 గ్రాములు ఆడించి పారేయండి. మిరియాలు, ధనియాలు ఇందులో ఆడిస్తే మాత్రం ఆ వాసన ఏం చేసినా పోదు.

ఇంకొకటి, పొయ్యి పక్కన, కుక్కర్ ఆవిరి తగిలేచోట పెట్టి ఉంటే అక్కడినుంచి తీసేయండి.

మైపాడు_గాలి (నెల్లూరు)

ధన్యవాదాలండీ. కింది కోను (కింది బర్) నట్టు కూడా విప్పాను. దాంతో పాటు పల్చటి స్టీలు వాషర్లు రెండు వచ్చాయి. అవి ఎక్కడివి? మళ్లీ డయల్ సున్నా పెట్టుకోవడం ఎట్టా?

ఒంగోలు_డికాక్షన్

కోను ఎవరు విప్పమన్నారండీ! మామూలు శుభ్రానికి అది అక్కర్లేదు. సరే, ఆ వాషర్లు కోను ఎత్తు సరిచేసేవి. ఇరుసు మీద కోను కిందకే వస్తాయి, రెండూ వెయ్యాలి. ఒకటి మానేస్తే కోను అంతమేర కిందికి దిగి, డయల్ ఎంత తిప్పినా సన్నపొడి రాదు. నట్టు చేత్తో బిగించి, పానాతో కొంచెం మాత్రమే తిప్పండి. కొన్ని మోడళ్లలో ఈ నట్టు ఎదురు మర, బిగించబోతే ఊడుతుంటే అదే కారణం.

పై బర్ పెట్టే ముందు అది కూర్చునే గట్టు వేలితో తడిమి చూడండి. అక్కడ ఒక్క పలుకు ఉన్నా బర్ ఓరగా కూర్చుంటుంది. నూక, పిండి కలిసి రావడానికి ఇదే పెద్ద కారణం. మరలకు గ్రీజు రాయాలంటే ఆహార యంత్రాలకు వాడేదే, అదీ గోరంచుకు అంటినంత. వంటనూనె వద్దు.

సున్నాకు: గింజలు లేకుండా ఆన్ చేసి, డయల్‌ను సన్న వైపు ఒక్కో గీతే జరపండి. బర్‌లు రెండూ రాసుకుని సన్నగా కీచుమన్న చోట ఆపి, వెంటనే రెండు మూడు గీతలు వెనక్కి రాండి. అదే మీ సున్నా. గింజలు లోపలుంటే, మోటారు తిరుగుతున్నప్పుడే సన్న వైపు జరపాలి. ఆగి ఉన్నప్పుడు జరిపితే మధ్యలో గింజ ఇరుక్కుని మోటారు మొరాయిస్తుంది. అట్లా ఆగిపోతే స్విచ్ మళ్లీ మళ్లీ వెయ్యకుండా ప్లగ్గు తీసి, ముతక వైపుకు తిప్పి, ఇరుక్కున్నది దులిపి, మోటారు చల్లారేదాకా ఒక అరగంట వదిలేయండి.

ఫిల్టర్‌కు ఎంత సన్నమో డికాక్షన్ దిగే వేగమే చెబుతుంది. ఐదు నిమిషాల్లో దిగిపోతే ముతక, ఒక గీత సన్నం చెయ్యండి. గంటైనా పైన నీళ్లు నిలిచి ఉంటే మరీ సన్నం. పావుగంట, ఇరవై నిమిషాల మధ్య దిగితే అక్కడే ఉంచేయండి. ఈసారి ఆడించిన మొదటి 5 గ్రాములు పారబోయండి, బ్రష్‌కు దొరకని పాత పొడి అందులో వచ్చేస్తుంది.

పెన్నగట్టు (నెల్లూరు)

మూతి గొట్టం వారానికోసారి ఈనెతో, బర్ నెలకోసారి విప్పి. వానల మూడు నెలలు పదిహేను రోజులకోసారి. గింజలు హాపర్‌లో నిలవ పెట్టబాకండి, ఆ పూటకు కావాల్సినవే పళ్లెంలో పోసి రాళ్లేమైనా ఉన్నాయేమో చూసుకుని వెయ్యండి.