పానం నిమ్మళం: హోమియోస్టాసిస్‌కు ఈ మాట సరిపోదా?

గ్రూపులో అందరికీ నమస్తే. నేను హనుమకొండలో తెలుగు మీడియం పిల్లలకు బయాలజీ చెప్తాను. హార్మోన్ల పాఠంలో మిగతా పేర్లతో నాకు పేచీ లేదు. వినాళ గ్రంథి అంటే నాళం లేని గ్రంథి, తన సరుకును నేరుగా రక్తంలోకే వదులుతుంది, పేరులోనే పని తెలిసిపోతుంది. ఇబ్బందంతా "సమస్థితి"తోనే. హోమియోస్టాసిస్ అంటే ఒంటి లోపలి సంగతులు చెదిరినా మళ్లీ హద్దులోకి రావడం. దానికి పుస్తకాల్లో సమస్థితి అనో సమతాస్థితి అనో ఉంటుంది, ఆ మాట వినగానే పిల్లలు త్రాసు బొమ్మ గీస్తారు, పళ్లాలు రెండూ సమానంగా, ముల్లు కదలకుండా.

ఒంట్లో అట్లా కదలకుండా ఉండేది ఏదీ లేదు. అన్నం తినగానే రక్తంలో గ్లూకోజ్ ఎక్కుతుంది, క్లోమం ఇన్సులిన్ వదులుతుంది, కండరాలూ కొవ్వు కణాలూ గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటాయి, కాలేయం కొంత గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. రాత్రి మనం నిద్రలో ఉండి తిండి లేనప్పుడు అదే క్లోమం గ్లూకగాన్ పంపి కాలేయం దాచినదాన్ని బయటికి తీయిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పరగడుపున డెసిలీటరుకు 70 నుంచి 100 మిల్లీగ్రాములు, తిన్న రెండు గంటలకు 140 లోపు. రోజంతా ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది, కానీ హద్దు దాటదు.

దీనికి మన దగ్గర ఒక మాట ఉందని నా వాదన. నిమ్మళం. జ్వరం తగ్గినవాళ్లను మా దగ్గర పెద్దవాళ్లు "పానం నిమ్మళమైందా బిడ్డా" అని అడుగుతారు. పానం అంటే ప్రాణమే, కానీ ఆ ప్రశ్నలో ఒళ్లు, ఓపిక, మనసు అన్నీ కలిసే వస్తాయి. పైగా "నిమ్మళించు" అని క్రియ ఉంది, నాకు అసలు కావాల్సింది అదే, సమస్థితికి క్రియ లేదు. నిమ్మళించింది అంటే అంతకుముందు ఏదో చెదిరిందని, ఇప్పుడు కుదురుకుందని ఒక్క మాటలోనే అర్థమవుతుంది.

1926లో ఈ ఇంగ్లీషు మాటను పుట్టించిన అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ ఉద్దేశం కూడా ఇదే. గ్రీకులో "అదే" అనే అర్థమున్న హోమో కాకుండా "అలాంటిదే" అనే అర్థమున్న హోమియో తీసుకున్నాడు. ఇది గడ్డకట్టిన స్థితి కాదు, మారుతూనే దాదాపు నిలకడగా ఉండేది అని వివరించాడు కూడా. మనం "సమ" అని పెట్టేసరికి ఆ అర్థం పోయింది. మీరేమంటారు?

మంచిర్యాల సభ్యుడు: సార్, మా ఇంట్ల నిమ్మళం అంటే ఆత్రం లేకపోవుడు. "నిమ్మళంగ తిను" అంటం. మరి ఎద్దు పొడువ వస్తే గుండె దడదడ కొట్టుకుంటది, అది గూడ హార్మోన్ పనే గదా, దాన్ని నిమ్మళం అని ఎట్లంటం?

జవాబు: తమ్ముడూ, మంచి ప్రశ్న. ఆ దడ నిమ్మళం కాదు, ఒప్పుకుంటాను. అది అడ్రినలిన్, మూత్రపిండాల మీదుండే అధివృక్క గ్రంథుల నుంచి వస్తుంది. అయితే తర్వాత జరిగేది చూడు. ఎద్దు పోయింది, నువ్వు అరుగు మీద కూర్చున్నావు, కాసేపటికి గుండె దారికొచ్చింది. రక్తంలోకి వచ్చిన అడ్రినలిన్ నిమిషాల్లోనే విరిగిపోతుంది కాబట్టే అది సాధ్యం. ఇన్సులిన్ కూడా అంతే, రక్తంలో ఉన్నది ఐదు నిమిషాలు తిరిగేసరికి దాదాపు సగమవుతుంది. హార్మోన్ వచ్చి పనిచేయడం ఎంత ముఖ్యమో టైముకు పోవడం కూడా అంతే ముఖ్యం, పాఠాల్లో ఈ రెండో సంగతి సరిగ్గా చెప్పరని నా బాధ.

కాన్పు నొప్పుల సంగతి వేరు. ఆక్సిటోసిన్ వస్తే గర్భసంచి ముడుచుకుంటుంది, ముడుచుకునేకొద్దీ ఇంకా ఆక్సిటోసిన్ వస్తుంది, బిడ్డ పుట్టేదాకా పెరగడమే. దాన్ని నియంత్రణ అందాం, నిమ్మళం అనొద్దు. రెండు మాటలూ ఉండాలి.

గోదావరిఖని సభ్యుడు: ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో మే నెల ఎండకు డ్యూటీ చేసి వస్తే మూత్రం పచ్చగా, కొద్దిగా వస్తుంది. ఇది కూడా మీరు చెప్పే దాంట్లోదేనా?

జవాబు: సరిగ్గా అదే అన్నా. చెమటతో నీళ్లు పోయి రక్తం కొంచెం చిక్కబడగానే మెదడులోని హైపోథాలమస్ కనిపెడుతుంది, దాహం పుట్టిస్తుంది, మెదడు కిందుండే పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి వాసోప్రెసిన్ వదిలిస్తుంది, దాంతో మూత్రపిండాలు నీళ్లను బయటికి పోనీయకుండా పట్టి ఉంచుతాయి. కానీ హార్మోన్ ఉన్న నీళ్లను పొదుపు చేయగలదు, కొత్తగా తేలేదు. డ్యూటీలో నీళ్లు తాగడం మానొద్దు.

కరీంనగర్ నుంచి ఒక అక్క: ల్యాబ్‌లో పనిచేస్తాను. జనం "నాకు థైరాయిడ్ ఉంది" అంటారు, ఆ గ్రంథి అందరికీ ఉండేదే. దానికంటే పెద్ద గందరగోళం టీఎస్‌హెచ్‌తో, అంటే థైరాయిడ్‌ను పనిచేయమని పీయూష గ్రంథి పంపే హార్మోన్‌తో. రిపోర్టులో అది ఎక్కువుంటే "థైరాయిడ్ ఎక్కువైంది" అనుకొని టెన్షన్ పడతారు, సాధారణంగా సంగతి తలకిందులు. థైరాయిడ్ హార్మోన్ తగ్గింది కాబట్టి ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి అని పీయూష గ్రంథి టీఎస్‌హెచ్ పెంచుతోంది. గోళీ మొదలుపెట్టి వారానికే మళ్లీ టెస్టుకు వస్తారు. ఆ గోళీలో ఉండే థైరాయిడ్ హార్మోన్, థైరాక్సిన్, ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, అందుకే డాక్టర్లు ఆరు వారాలో ఎనిమిది వారాలో ఆగి రమ్మంటారు. "నిమ్మళించడానికి టైం పడ్తదమ్మా" అంటే మావాళ్లకు వెంటనే అర్థమవుతుంది సార్, సమస్థితి అంటే నా ముఖం చూస్తారు.

జవాబు: అక్కా, నేను పేజీ రాసి చెప్పలేనిది ఒక్క వాక్యంలో చెప్పారు. క్లాసు నోట్సులో ఇట్లా రాద్దామనుకుంటున్నాను, తప్పులుంటే దిద్దండి: "ఒంటి లోపల చక్కెర, నీరు, వేడి లాంటివి చెదిరినప్పుడల్లా హార్మోన్లూ నాడులూ కలిసి వాటిని మళ్లీ హద్దులోకి తెస్తాయి. ఇట్లా నిమ్మళించడాన్నే పుస్తకంలో సమస్థితి అంటారు, పరీక్షలో ఆ మాటే రాయండి."